తానిస్ నుంచి కర్నాక్ దాకా: ముక్కలైన ఈజిప్టు రాజుల వెంట

ఈజిప్టు వెళ్ళొచ్చామని చెప్తే అందరూ అడిగేవి రెండే: పిరమిడ్లు చూశారా, టుటంఖమున్ మాస్కు చూశారా అని. చూశాం, చాలా బాగున్నాయి, కానీ ఇక్కడ వాటి గురించి రాయడం లేదు. మేం బయల్దేరింది వేరే రాజుల కోసం. రామ్సెస్ అనే పేరున్న రాజుల్లో ఆఖరివాడైన పదకొండో రామ్సెస్ క్రీ.పూ. 1070 ప్రాంతంలో పోయాక దాదాపు 400 ఏళ్ల పాటు ఈజిప్టు ఒక్క చేతి కింద నిలకడగా ఉండలేదు. ఉత్తరాన నైలు డెల్టాలో తానిస్ రాజులు, దక్షిణాన థీబ్స్‌లో (ఇప్పటి లక్సర్) అమున్ దేవుడి గుడి ప్రధాన పూజారులు, ఆ తర్వాత లిబియా మూలాలున్న రాజులు, ఒక దశలో నాలుగైదు ఊళ్ళలో ఒకేసారి నలుగురైదుగురు ఫారోలు, వాళ్ళ మీదికి దక్షిణం నుంచి కూషు రాజులు (ఇప్పటి సుడాన్), చివరికి తూర్పు నుంచి అసిరియా (ఇప్పటి ఇరాక్) సైన్యం. చరిత్రకారులు దీన్ని మూడో మధ్యంతర కాలం అంటారు. గైడ్లు మాత్రం దీని దగ్గరికి రాగానే "తర్వాత పతనం మొదలైంది" అని ఒక్క వాక్యంలో దాటేసి క్లియోపాత్రా దగ్గర తేలతారు.

మా బాబాయి హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఈ 400 ఏళ్ల మీద ఆయనకున్న పిచ్చి ఇంట్లో అందరికీ తెలుసు. ప్లాన్ మొత్తం ఆయనదే, టికెట్లు, హోటళ్ళు, కారు మాట్లాడటం నా పని.

శనివారం, కైరో

తహ్రీర్ స్క్వేర్‌లోని పాత మ్యూజియం. టుటంఖమున్ సామాను గిజా దగ్గరి కొత్త మ్యూజియానికి వెళ్ళిపోయాక ఇక్కడ జనం పల్చబడ్డారు, మాకు కావాల్సింది కూడా అదే. తానిస్ నిధి ఇక్కడే ఉంది.

మొదట సూసెన్నెస్ వెండి శవపేటిక ముందు ఆగాం. మొదటి సూసెన్నెస్ తానిస్‌లో నలభై ఏళ్లకు పైగా ఏలిన రాజు, క్రీ.పూ. 1000కి అటూ ఇటూ. మనిషి ఆకారంలో పోతపోసినట్టున్న పేటిక మొత్తం వెండి, నుదుటి మీద పట్టీ, పైకి లేచిన నాగుపాము మాత్రం బంగారం. ఈజిప్టులో బంగారం సొంత ఎడారుల్లోనే దొరికేది, వెండి మాత్రం బయటి దేశాల నుంచి రావాల్సిందే, కాబట్టి ఇది తక్కువరకం రాజు తక్కువ ఖర్చుతో చేయించుకున్న పెట్టె కాదు. పక్కనే ఆయన బంగారు మాస్కు, కళ్ళ చుట్టూ నల్లని, తెల్లని పొదుగు, చెంపలు నున్నగా, ఎక్కడా బెదురు లేని ముఖం. వేళ్ళకు తొడిగిన బంగారు తొడుగులు కూడా ఉన్నాయి, ఒక్కో దాని మీద గోరు గీత, కణుపు మడత కూడా చెక్కారు. నేను అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ ఉండిపోయాను.

ఈ సమాధులు తవ్వింది ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త పియర్ మోంతే. 1939 ఫిబ్రవరిలో మొదటి సమాధి దొరికింది, సూసెన్నెస్ అసలు గది తెరిచేసరికి 1940 ఫిబ్రవరి. అప్పటికి యూరప్‌లో యుద్ధం నడుస్తోంది. పత్రికలన్నీ యుద్ధంతో నిండిపోయిన రోజుల్లో, ఎవరూ ముట్టుకోని ఒక ఫారో సమాధి దొరికిందన్న కబురు ఎవరికి పడుతుంది? టుటంఖమున్‌కి 1922లో ప్రపంచం మొత్తం తలతిప్పి చూసింది, ఈయనకి ఆ అదృష్టం లేకపోయింది. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

ఆయన పేటికల వరస వింటే ఆ కాలం మొత్తం అర్థమవుతుంది. బయట గులాబీ రంగు గ్రానైట్ పెట్టె, అది అసలు మెర్నెప్తాది, అంటే రెండో రామ్సెస్ కొడుకుది, థీబ్స్ దగ్గర పాత ఫారోల సమాధులున్న రాజుల లోయ నుంచి తెచ్చింది. పాత పేరు చెక్కేసి సూసెన్నెస్ పేరు వేశారు, ఒకచోట మాత్రం మెర్నెప్తా పేరు అలాగే మిగిలింది. దాని లోపల నల్ల గ్రానైట్ పేటిక, అదీ పాతకాలపు వేరే ఎవరో పెద్దమనిషిది. దాని లోపల ఈ వెండిది, దాని లోపల బంగారు మాస్కు పెట్టుకుని రాజు. "దొంగసొత్తు అనుకోకురా," అన్నారు బాబాయి. "మెర్నెప్తా పేరు ఆ ఒక్కచోట ఎందుకు ఉంచారో ఆలోచించు. ఆయన పెట్టెలో పడుకుంటే ఆయన వారసుణ్ణే కదా అని." నాకు వెంటనే ఒప్పుకోబుద్ధి కాలేదు. ఒక్క చోట మిగలడం ఉలి పట్టినవాడి ఏమరుపాటు కూడా కావచ్చు. మిగతా ప్రయాణమంతా ఈ ఒక్క విషయం మీదే మా ఇద్దరికీ వాదన.

అదే నిధిలో అమెనెమోపె అనే రాజు సామాను కూడా ఉంది, సూసెన్నెస్ తర్వాతివాడు. 2025 సెప్టెంబరులో ఆయన బంగారు కంకణం ఒకటి ఈ మ్యూజియం ల్యాబ్ నుంచే మాయమైంది. లాపిస్ అనే నీలిరాయి పూస పొదిగిన కంకణం, అక్కడి పునరుద్ధరణ ఉద్యోగి ఒకరు తీసుకెళ్ళి అమ్మేశారని, చేతులు మారి సుమారు 1,80,000 ఈజిప్టు పౌండ్లకు పోయి, కరిగించేశారని ప్రభుత్వం ప్రకటించింది. మూడు వేల ఏళ్లు మట్టిలో, నీళ్ళలో, యుద్ధంలో నిలిచిన వస్తువు కొద్ది రోజుల్లో ముద్ద అయిపోయింది. ఆ గదిలో నిలబడి ఆ సంగతి తల్చుకుంటే గొంతు పట్టేసింది.

కింది అంతస్తులో పియే శిలాశాసనం. కూషు రాజు పియే క్రీ.పూ. 728 ప్రాంతంలో తన రాజధాని నపాతా నుంచి నైలు వెంట ఉత్తరానికి దండెత్తి వచ్చిన కథ, 159 పంక్తుల్లో. నల్లటి గ్రానైట్ బండ, 1862లో సుడాన్‌లోని గెబెల్ బర్కల్ దగ్గర దొరికింది. పైన బొమ్మల్లో హెర్మోపొలిస్ రాజు నిమ్లోత్ ఒక చేత్తో గుర్రాన్ని నడిపించుకుంటూ, ఇంకో చేత్తో గుళ్ళో ఆడవాళ్ళు వాయించే గజ్జెల వాద్యం పట్టుకుని వస్తున్నాడు, మిగతా రాజులు నేల మీద సాగిలపడ్డారు. వాళ్ళందరి తలలకూ రాజచిహ్నాలే. ఓడినవాళ్ళు కూడా ఫారోలే, ఒకే దేశంలో. పియే నిమ్లోత్ ఊరు ముట్టడించి గెలిచాక గుర్రపుశాలకు వెళ్తాడు, గుర్రాలు ఆకలికి చిక్కిపోయి ఉంటాయి, అది చూసి నువ్వు చేసిన నేరాలన్నిటికంటే నా గుర్రాలను మాడ్చడమే నాకు ఎక్కువ బాధ అంటాడు. చివర్లో లొంగిపోయిన నలుగురు రాజులు వస్తే ముగ్గుర్ని లోపలికి రానివ్వడు, వాళ్ళకు సున్తీ లేదని, చేపలు తింటారని. నిమ్లోత్ ఒక్కడు చేపలు తినడు కాబట్టి లోపలికి వెళ్తాడు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పాటించే మడి గుర్తొచ్చింది నాకు. బయటి నుంచి వచ్చి ఏలినవాడు ఈజిప్టు ఆచారాలను ఈజిప్టువాళ్ళకే నేర్పుతున్నాడు ఇక్కడ. దండయాత్ర అనగానే మనకు గుర్తొచ్చే గజనీ, ఘోరీ లెక్కతో దీన్ని చూడకూడదు.

ఆదివారం, సాన్ ఎల్-హగర్, తెల్ బస్తా

పొద్దున్నే కారు. తానిస్ ఇప్పటి పేరు సాన్ ఎల్-హగర్, షర్కియా గవర్నరేట్‌లో, కైరోకి ఈశాన్యంగా 130 కిలోమీటర్ల పైనే. టూర్ బస్సులు ఇటు దాదాపుగా రావు. ఊళ్ళు దాటుతుంటే రెండు పక్కలా కాలువలు, బర్సీం మేత, గాడిద బళ్ళు, నారింజ కుప్పలు. మధ్యలో చెక్‌పోస్టు దగ్గర ఆపి పాస్‌పోర్టులు చూసి, ఎందుకు వెళ్తున్నారని డ్రైవర్ని రెండుసార్లు అడిగారు, ఇండియా నుంచి తానిస్ కోసం వచ్చారా అని వాళ్ళకీ ఆశ్చర్యమే. బాబాయికి కాస్త టెన్షన్ పట్టుకుంది కానీ టీ ఇచ్చి పంపారు.

తానిస్ చూస్తే ముందు ఇది ఊరా, రాళ్ళ గోదామా అనిపిస్తుంది. పెద్ద మట్టిదిబ్బ, దాని మీద విరిగి పడిపోయిన స్తంభాలు, శిలాస్తంభాల ముక్కలు, విగ్రహాల మొండేలు, అన్నిటి మీదా రెండో రామ్సెస్ పేరు. మోంతే కూడా అది చూసే ఇదే రామ్సెస్ రాజధాని పి-రామ్సెస్ అని నమ్మాడు. అసలు పి-రామ్సెస్ ఇక్కడికి దక్షిణంగా కాంతిర్ దగ్గర ఉంది. అక్కడ నైలు పాయ పూడిపోయింది, రేవు పోయింది, ఊరు నిలవలేదు. కొత్త రాజులు వేరే పాయ మీద ఉన్న తానిస్‌ని రాజధాని చేసుకుని, పాత రాజధాని రాళ్ళు పడవల మీద వేసుకుని వచ్చి ఇక్కడ గుడి కట్టారు. అంటే రామ్సెస్ ఎప్పుడూ అడుగుపెట్టని ఊళ్ళో రామ్సెస్ పేరు ఇన్నిచోట్ల ఉంది.

ఈ తరలింపు ఇంకా ఆగలేదు. గిజా కొత్త మ్యూజియం ముందు వేలాడదీసినట్టు నిలబెట్టిన రామ్సెస్ స్తంభం, తహ్రీర్ స్క్వేర్ మధ్యలో 2020లో నిలబెట్టిన స్తంభం, రెండూ ఇక్కడి నుంచి వెళ్ళినవే. ఇక్కడే మిగిలిన కొన్నిటిని ముక్కలు అతికి మళ్ళీ నిలబెట్టారు, మధ్యాహ్నం ఎండలో వాటి నీడలు దిబ్బ మీద పొడుగ్గా పడ్డాయి.

రాజుల సమాధులు అమున్ గుడి ప్రాకారం లోపలే ఉన్నాయి, మూల మీద, భూమట్టానికి కాస్త కింద. కాపలాదారు ఒక ముసలాయన, మాకు అరబిక్ రాదు, ఆయనకు ఇంగ్లీషు రాదు, డ్రైవరే మధ్యవర్తి. మెట్లు దిగి సూసెన్నెస్ గదిలోకి తొంగి చూస్తే నిరాశ పడేవాళ్ళు ఉంటారు: ఇరుకు, తడి వాసన, ఉప్పు పట్టిన గోడలు. రాజుల లోయలో సేతి సమాధి చూసినవాళ్ళకి ఇదేం సమాధి అనిపిస్తుంది. కానీ గోడల రాళ్ళు చూడండి, అవీ వేరే కట్టడాల నుంచి తెచ్చినవే. ఇంకోటి, ఇక్కడ తేమకి చెక్క అంతా కుళ్ళి పోయింది, మమ్మీ గుడ్డ కూడా మిగల్లేదు, లోహం, రాయి మాత్రమే నిలిచాయి. అందుకే మనకు సూసెన్నెస్ మాస్కు ఉంది, సూసెన్నెస్ ముఖం లేదు. సూసెన్నెస్ గది ముందు గదిలో మోంతేకి మొదట కనపడింది ఇంకో రాజు, గద్ద తల ఉన్న వెండి పేటికలో రెండో షోషెంక్. పక్కనే రెండో ఒసొర్కోన్ సమాధి, అందులో ఆయన చిన్న కొడుకు హొర్నఖ్త్‌ని కూడా పెట్టారు. ఆ పిల్లాడు అప్పటికే అమున్ ప్రధాన పూజారి, పదేళ్ళు కూడా లేవు. పూజారి పదవి ఇంట్లో ఉంటే సగం రాజ్యం ఇంట్లో ఉన్నట్టే, అందుకని పసివాడి పేరు మీదైనా పెట్టుకునేవాళ్ళు.

గుడి లోపల ఎందుకు పెట్టుకున్నారంటే భయం. రాజుల లోయని దొంగలు దోచేశారు, దోచినవాళ్ళ వాంగ్మూలాలు, విచారణ కాగితాలు తొమ్మిదో రామ్సెస్ కాలం నాటివి ఇప్పటికీ ఉన్నాయి. కొండల్లో దాచుకుంటే దక్కదని తెలిసిపోయింది, పూజ జరిగే చోట, జనం తిరిగే చోట, కళ్ళముందు ఉంచుకున్నారు. అది పనిచేసింది కూడా.

తిరుగు దారిలో జగజిగ్ ఊళ్ళో తెల్ బస్తా, పాత బుబాస్తిస్, లిబియా మూలాల రాజుల సొంత ఊరు. పిల్లి దేవత బాస్తెత్ గుడి. సాయంత్రం అయిపోవడంతో గబగబా చూశాం. ఎర్ర గ్రానైట్ ముక్కల్లో రెండో ఒసొర్కోన్ తన పాలన 22వ ఏట జరుపుకున్న ఉత్సవం చెక్కి ఉంది, చాలా ముక్కలు విదేశీ మ్యూజియాలకు చేరాయి. నిలబెట్టిన పెద్ద రాణి విగ్రహం మాత్రం తప్పక చూడాలి: రామ్సెస్ కూతురు మెరితమున్‌దని అంటారు, ఒసొర్కోన్ కాలంలో ఆయన రాణి కరోమామా పేరు దాని మీదికి ఎక్కింది. బాబాయి నా వైపు చూశారు, ఏమీ అనలేదు.

సోమవారం, కైరో

ఫుస్తాత్‌లోని నాగరికతల మ్యూజియం, కింద చీకటి గదుల్లో రాజుల మమ్మీలు. 2021 ఏప్రిల్ 3న ఊరేగింపుగా తెచ్చిన 22 మంది. ఫొటోలు తీయనివ్వరు, మాట్లాడితే ఊరుకోరు, అది మంచిదే. రెండో రామ్సెస్, సేతి, మూడో తుత్మోస్, అందరూ ఉన్నారు. వీళ్ళంతా మనకు మిగలడానికి కారణం నేను రాస్తున్న ఈ బలహీన కాలపు పూజారులే, ఆ సంగతి లక్సర్ రోజున చెప్తాను.

సెకెనెన్రె దగ్గర ఎక్కువసేపు ఉన్నాం. ఈయనది ఇంకా 500 ఏళ్లు ముందటి విభజన కాలం, డెల్టాలో పశ్చిమాసియా మూలాలున్న హిక్సోస్ రాజులు, థీబ్స్‌లో ఈయన. నుదుటి మీద గొడ్డలి దెబ్బ, చెంప మీద, చెవి వెనక ఇంకా దెబ్బలు. 2021లో సీటీ స్కాన్ ఆధారంగా చేతులు వెనక్కి కట్టేసి చంపి ఉంటారని పరిశోధకులు తేల్చారు. చరిత్ర పుస్తకాల్లో ముక్కలైన రాజ్యం అంటే మ్యాపులో రెండు రంగులు, ఇక్కడ ఆ మనిషి నోరు తెరిచి ఉంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకెళ్ళి చూపించారు, అప్పుడు భయం వేసింది, ఇక్కడ జాలేసింది. రాత్రి రైలెక్కి లక్సర్.

మంగళవారం, కర్నాక్

రైలు ఆలస్యం, నిద్ర లేదు, అయినా ఏడింటికల్లా కర్నాక్, లక్సర్‌లోని అమున్ పెద్ద గుడి. మొదటి ప్రాంగణంలో ఎడం పక్కనా కుడి పక్కనా గుంపులు రెండో పైలాన్ (గుడి ద్వారానికి రెండు పక్కలా లేచే పెద్ద గోపుర గోడ) వైపు పరుగు, వెనక ఉన్న పెద్ద స్తంభాల మండపం కోసం. మేం మాత్రం ఆ ప్రాంగణంలోనే రెండు గంటలు ఉన్నాం, ఎందుకంటే ఆ ప్రాంగణం మొదలుపెట్టిందే మొదటి షోషెంక్.

షోషెంక్ లిబియా తెగ మెష్వెష్ నాయకుల కుటుంబం నుంచి వచ్చి క్రీ.పూ. 945 ప్రాంతంలో సింహాసనం ఎక్కాడు. పరాయి పాలన అంటారు కానీ, వాళ్ళ కుటుంబం తరతరాలుగా ఈజిప్టులోనే ఉంది. ఆగ్నేయ మూలన ఆయన వంశం పేరుతో బుబాస్తిస్ ద్వారం ఉంది, దాని బయట గోడ మీద, ఎండ నేరుగా పడే చోట, అమున్ దేవుడు తాళ్ళతో కట్టిన ఊళ్ళను వరసలు వరసలుగా లాక్కొస్తున్నాడు. ఒక్కో ఊరికి ఒక కోట ఆకారపు గుండ్రటి చట్రం, దాని మీద చేతులు వెనక్కి విరిచి కట్టిన మనిషి మొండెం, లోపల ఊరి పేరు. 150కి పైగా చెక్కారు, మెగిద్దో (ఇప్పటి ఇజ్రాయెల్‌లో) పేరు అందులో ఉంది, మెగిద్దోలోనే షోషెంక్ శిలాఫలకం ముక్క కూడా దొరికింది. తెలుగు బైబిలు చదివేవాళ్ళకు ఈయన తెలుసు, మొదటి రాజుల గ్రంథం 14వ అధ్యాయంలో రెహబాము పాలన అయిదో ఏట యెరూషలేము మీదికి వచ్చిన ఐగుప్తు రాజు షీషకు ఈయనేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. గోడ మీద మిగిలిన పేర్లలో యెరూషలేము మాత్రం లేదు. దీని మీద పుస్తకాలకు పుస్తకాలు రాశారు. నేను మాత్రం ఒక రాతి మొండెం భుజం మీద ఉలి గాట్లు చూస్తూ నిలబడ్డాను, అంత పైన, ఎవరికీ కనపడని వరసలో కూడా తాడు ముడి సరిగ్గా చెక్కాడు ఆ శిల్పి.

ద్వారం లోపలి గోడల మీద ఇంకో కథ ఉంది, యువరాజు ఒసొర్కోన్‌ది. ప్రధాన పూజారిగా థీబ్స్‌కి వచ్చి, తిరుగుబాటు చేసినవాళ్ళను మంటల్లో కాల్పించి, మళ్ళీ తిరుగుబాటు, మళ్ళీ పోరు, ఏళ్ల తరబడి. గుడి గోడ మీద అంతర్యుద్ధం గురించి ఇంత ఓపెన్‌గా రాసుకోవడం ఈజిప్టులో అరుదు. అక్షరాలు అరిగిపోయాయి, బాబాయి అనువాదం ప్రింటౌట్ తెచ్చుకుని వరస వరసా పోల్చుకుంటూ కూర్చున్నారు.

రెండో పైలాన్ ముందు నిలువెత్తు రాజు విగ్రహం, కాళ్ళ మధ్య చిన్న రాణి. గుంపులన్నీ ఫొటో దిగేది దీని దగ్గరే. రామ్సెస్ విగ్రహమే, కానీ పినెద్జెమ్ తన పేరు దాని మీద చెక్కించాడు. ఈయన థీబ్స్ ప్రధాన పూజారి, తర్వాత రాజు బిరుదులు పెట్టుకున్నాడు, సూసెన్నెస్ తండ్రి కూడా ఈయనే. అందుకే ఉత్తరం ఒక రాజ్యం, దక్షిణం ఒక రాజ్యం అని మ్యాపులో గీసే గీత నన్నడిగితే సరికాదు: ఉత్తరాన కొడుకు రాజు, దక్షిణాన ఇంకో ఇద్దరు కొడుకులు ఒకరి తర్వాత ఒకరు పూజారులు. ఒకే కుటుంబం దేశాన్ని పంచుకుని రెండు తలుపులు పెట్టుకుంది.

ఖోన్సు గుడికి నడిచి వెళ్తే ఇది ఇంకా బాగా కనపడుతుంది. అక్కడ హెరిహోర్ అనే సేనాధిపతి, పూజారి, లోపలి మండపంలో పదకొండో రామ్సెస్‌కి అణిగి పూజారిగానే కనిపిస్తాడు. బయటి ప్రాంగణంలోకి వచ్చేసరికి అదే మనిషి కిరీటం పెట్టుకుని రాజు. రాజులు పేరు రాసుకునే గుండ్రటి చట్రంలో ఆయన రాజనామం ఏమని రాసుకున్నాడంటే, "అమున్ ప్రధాన పూజారి" అని. అంతే, అదే పేరు. పదవిని పేరుగా పెట్టుకున్నాడు. రాజైనా తన బలం ఎక్కడుందో ఆయన మర్చిపోలేదు. గోడ మీద ఆ చట్రాన్ని వేలితో తాకకుండా ఆపుకోవడం కష్టమైంది.

తిరిగి వస్తూ తహర్కా స్తంభం. మొదటి ప్రాంగణం మధ్యలో పది స్తంభాల మండపంలో ఒక్కటే పూర్తిగా నిలిచింది, దాదాపు 20 మీటర్లు, పైన విచ్చుకున్న పాపిరస్ పువ్వు. కూషు రాజు తహర్కా క్రీ.పూ. 690 నుంచి 664 వరకు ఏలాడు, బైబిలులో కూషు రాజు తిర్హాకా ఈయనే. ఆయన పేరు తీసేసి తర్వాతి కాలపు రాజు రెండో సామ్‌తిక్ తన పేరు వేయించాడు. నేను బాబాయితో అన్నాను, "మీ వారసత్వం సిద్ధాంతం ఇక్కడ పనిచేయదు బాబాయ్, ఇది పేరు కలుపుకోవడం కాదు, చెరపడం." ఆయన ఒప్పుకున్నారు. పినెద్జెమ్ రామ్సెస్‌ని ఆనుకుని నిలబడ్డాడు, సామ్‌తిక్ తహర్కాని లేకుండా చేద్దామనుకున్నాడు, రెండూ ఉలితోనే, రెండూ ఒకటి కాదు.

బుధవారం, పడమటి ఒడ్డు

పడవ దాటి దెయిర్ ఎల్-బహ్రీ. హత్షెప్సుత్ గుడి వదిలేసి దక్షిణంగా కొండ పక్క లోయ దగ్గరికి, దూరం నుంచి చూడటమే, లోపలికి దారి లేదు. అక్కడ నిలువుగా దిగే గుంత ఉంది, పూజారి రెండో పినెద్జెమ్ కుటుంబ సమాధి. కైరోలో చూసిన రాజుల్లో చాలామంది దొరికింది అందులోనే. అబ్ద్ ఎల్-రసూల్ కుటుంబం దీన్ని కనిపెట్టి ఏళ్ల తరబడి ఒక్కో వస్తువూ అమ్ముకుంది, 1881లో గుట్టు బయటపడింది, అధికారులు హడావుడిగా అన్నీ పైకి తీసి పడవెక్కించారు. పడవ వెళ్తుంటే నైలు ఒడ్డున పల్లెల్లో ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని ఏడ్చారట, మగవాళ్ళు తుపాకులు పేల్చారట, ఊళ్ళో పెద్దమనిషి పోతే చేసినట్టే.

ఆ రాజులను అక్కడ పెట్టింది పూజారులు. దొంగలు చీల్చిన కట్లు విప్పి, కొత్త గుడ్డ చుట్టి, ఎవరు ఎవరో, ఏ ఏట, ఎవరి ఆజ్ఞతో కట్టారో సిరాతో రాసి, ఒక సమాధి నుంచి ఇంకో సమాధికి మార్చి మార్చి చివరికి ఇక్కడ దాచారు. ఇది ఒక పక్క. ఇంకో పక్క, అప్పటి సేనాధిపతి పియాంఖ్‌కి అందిన ఉత్తరంలో, పాతవాళ్ళ సమాధుల్లో ఒకటి తెరిచి, నేను వచ్చేవరకు ముద్ర కాపాడండి అని ఆయన చెప్పిన మాట ఉంది. అంటే తెరిచింది దొంగలు మాత్రమే కాదు, ప్రభుత్వం కూడా. దక్షిణాన ఉన్న నూబియా బంగారం చేయి జారాక పాత రాజుల బంగారమే ఖజానా అయింది. మొదటి పినెద్జెమ్ పేటిక అసలు మొదటి తుత్మోస్‌ది, ఆ బంగారు రేకు గీకి కొత్తది చేశారు.

రక్షించారా దోచారా అని అడిగితే రెండూ చేశారు, అదే చేతులతో. బంగారం తీసుకున్నారు, శరీరాన్ని మళ్ళీ కట్టి పేరు రాసి పెట్టారు. బంగారం ఉంటే దొంగలు మళ్ళీ వస్తారు, లేకపోతే రారు. ఆ పేరు రాసి పెట్టకపోతే ఇవ్వాళ మనకు రామ్సెస్ ఎవరో సేతి ఎవరో తెలిసేది కాదు. వాళ్ళను క్షమించాలా వద్దా అన్న ప్రశ్నే నాకు అనవసరం అనిపించింది, వాళ్ళ ఖజానా ఖాళీ, వాళ్ళ దేవుళ్ళు నిజం, ఆ రెంటి మధ్య వాళ్ళు చేయగలిగింది చేశారు.

దారిలో అసాసీఫ్‌లో మొంతుఎమ్‌హాత్ సమాధి ఇటుక గోపురం కనపడుతుంది, కోట గోడలా పెద్దది. ఈయన థీబ్స్ నగర పెద్ద. క్రీ.పూ. 671లో అసిరియా రాజు ఎసర్‌హద్దోన్ కైరో దగ్గరి పాత రాజధాని మెంఫిస్ పట్టుకున్నాడు, 663లో అషుర్‌బనిపాల్ సైన్యం థీబ్స్ దోచుకుని వెండి బంగారాల మిశ్రమం తాపిన రెండు శిలాస్తంభాలు కూడా మోసుకెళ్ళింది. బైబిలు నహూము గ్రంథంలో నో అమోను (థీబ్స్) పతనం అంటే ఇదే. కూషు రాజులు దక్షిణానికి వెళ్ళిపోయారు, మొంతుఎమ్‌హాత్ మాత్రం అక్కడే ఉండి, పాడైన గుళ్ళు బాగుచేయించి, తర్వాత వచ్చిన రాజు కింద కూడా అదే పదవిలో కొనసాగాడు. రాజుల జాబితాల్లో ఈయన పేరు ఉండదు కదా అని బాబాయి బాధపడ్డారు.

గురువారం, మెదీనెత్ హబు

చివరి రోజు ఒక్క చోటే. అందరూ మూడో రామ్సెస్ పెద్ద గుడిలోకి నేరుగా పోతారు, గేటు దాటగానే ఎడమ పక్కన ఉన్న చిన్న గుళ్ళ వరస చూసేది తక్కువమంది. అమున్ దేవభార్యలవి అవి. దేవభార్య అంటే పెళ్ళి చేసుకోని రాజకుమార్తె, దేవుడి ఆస్తి, పొలాలు, ఉద్యోగులు ఆమె చేతిలో ఉంటాయి. కూతుళ్ళు లేరు కాబట్టి వారసురాలిని దత్తత తీసుకుంటుంది. లిబియా వంశపు రాజు కూతురు మొదటి షెపెన్‌వెపెత్ కూషు రాజకుమార్తె మొదటి అమెనిర్దిస్‌ని దత్తత తీసుకుంది, అలా దక్షిణం మీద కూషు అధికారం కత్తి కంటే ముందు గుడి తలుపు నుంచి వచ్చింది. అమెనిర్దిస్ గుడి కప్పు రాతితో వంచి కట్టారు, ఈజిప్టులో నిలిచి ఉన్న అసలైన రాతి కమానుల్లో తొలివాటిలో ఒకటి. ఇటుగా నడిచే బతికున్నవాళ్ళారా, అమెనిర్దిస్ పేరున రొట్టె, బీరు అని పలకండి అని పైన రాసి ఉంది, ఆమె వారసురాలు రెండో షెపెన్‌వెపెత్ రాయించింది. బాబాయి గట్టిగానే పలికారు, తెలుగులో.

గుడి వెనక పక్కన బుతెహమున్ ఇల్లు ఉంది, నాలుగు స్తంభాలు మాత్రం మిగిలాయి. మమ్మీలకు కట్లు కట్టించే పని చూసిన లేఖకుడు, సేనాధిపతికి పైన చెప్పిన ఉత్తరం రాసినవాళ్ళలో ఒకడు. ఇటుక గోడల మధ్య స్తంభాలు నా భుజం ఎత్తు కంటే కొద్దిగా ఎక్కువ, మీద లేత గీతల్లో పూజ చేస్తున్న మనిషి. మా ప్రయాణంలో నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించిన చోటు ఇదే, ఎందుకంటే ఇది రాజు ఇల్లు కాదు, ఆ రాజుల కాలంలో ఉద్యోగం చేసిన మనిషి ఇల్లు.

ఇక ఆఖరి అంకం. డెల్టాలో సైస్ అనే ఊరి నుంచి మొదటి సామ్‌తిక్ అనే రాజు అసిరియా అండతో మొదలై మెల్లగా ఉత్తరం అంతా కూడగట్టాడు. దక్షిణం మీద యుద్ధం చేయలేదు. క్రీ.పూ. 656లో, తన పాలన 9వ ఏట, కూతురు నిటోక్రిస్‌ని పడవలెక్కించి పంపాడు, 16 రోజుల ప్రయాణం చేసి ఆ అమ్మాయి థీబ్స్ రేవుకి చేరింది. అక్కడ ఉన్న దేవభార్య కూషు రాజకుమార్తె రెండో షెపెన్‌వెపెత్, ఆమెకు అప్పటికే కూషు వారసురాలు ఉంది. అయినా నిటోక్రిస్‌ని ఒప్పుకున్నారు, ఉన్న వారసురాలిని తీసేయలేదు. కర్నాక్‌లో దొరికిన శాసనంలో ఆ కొత్త అమ్మాయికి రోజూ ఎవరి ఇంటి నుంచి ఎంత రొట్టె, ఎంత పాలు రావాలో జాబితా ఉంది, ఆ పంపేవాళ్ళలో మొంతుఎమ్‌హాత్ పేరు కూడా ఉంది. దేశం మళ్ళీ ఒకటైంది అలా.

షెపెన్‌వెపెత్ గుడిలోనే నిటోక్రిస్‌కి, ఆమె తల్లి మెహితెన్‌వెస్ఖెత్‌కి కూడా గదులు ఉన్నాయి, కూషువాళ్ళు, సైస్‌వాళ్ళు ఒకే కప్పు కింద. వెళ్ళేవాళ్ళు మెదీనెత్ హబు టికెట్ తీసుకుని లోపలికి రాగానే ఎడమ పక్కకు తిరగండి, వేరే టికెట్ అక్కర్లేదు, పొద్దున్న అయితే వెలుతురు బాగుంటుంది. తానిస్‌కి వెళ్ళాలనుకుంటే మాత్రం కైరోలో కారు ముందురోజే మాట్లాడుకోండి, భోజనం కట్టుకుని వెళ్ళండి, ఆ చుట్టుపక్కల మాకు తినడానికి ఏమీ దొరకలేదు.